డబ్బిచ్చి తిన్న అన్నం

అన్నం అమ్ముకోవడం పాపమని పాతకాలం వాళ్ళు అనేవాళ్ళు. అయినా అమ్మేవాళ్ళు అమ్ముతూనే వచ్చారు, కొనేవాళ్ళు కొంటూనే వచ్చారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు దొరికే భోజనం సంగతి చదివితే ఈ కాలంవాళ్ళకు కూడా నోరూరుతుంది. పెట్టిన అన్నానికి ఋణం ఉంటుంది, కొన్న అన్నానికి ఉండదు అన్నది లోకవ్యవహారం. ఒకరింట్లో నాలుగు మెతుకులు తింటే వాళ్ళ ఉప్పు తిన్నట్టే. హోటల్లో అయితే బిల్లు కట్టి, నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకుని బయటపడతాం. ఆ హోటలు యజమాని బాగోగులు మనకు పట్టవు. పట్టలేదని ఎవరూ తప్పు పట్టరు.

ఈ లెక్క చాలావరకు సరైనదే. అయితే హోటలువాడు అమ్మేది ఒక జాతి జ్ఞాపకం అయినప్పుడు కూడా ఇదే లెక్క చెల్లుతుందా? ఎవరో ఆకలికి తాళలేక కనిపెట్టిన వంటను, ఆకలి ఎరగని మనం రుచి కోసం డబ్బిచ్చి తింటే, ఆ ఎవరికో మనం బాకీ పడతామా? ఆ ఎవరో మన అవ్వాతాతలే అయితే ఆ బాకీ ఎంత? కొన్నేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. దీన్ని గురించి నిదానంగా ఆలోచించే అవకాశం నాకు కలిగింది మన దేశంలో కాదు, బెలారస్‌లో, రోడ్డు పక్కన ఒక కర్రల ఇంట్లో.

అక్కడికి నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. మా అన్న కొడుకు వైద్యం చదవడానికి ఆ దేశంలోని గోమెల్ నగరానికి వెళ్ళాడు. మన దేశం పిల్లలు అక్కడ వందల్లో ఉన్నారు, వాళ్ళలో తెలుగు పిల్లలూ ఉన్నారు. వాడు చదివిన వైద్య సంస్థను 1990లో పెట్టారు, చెర్నోబిల్ ప్రమాదం తరవాత ఆ ప్రాంతానికి డాక్టర్ల అవసరం ఎక్కువై. 2019 జూన్‌లో వాడు పట్టా పుచ్చుకునేనాటికి మా అన్నకు అంత దూరం ప్రయాణం చేసే ఓపిక లేదు. చిన్నాయన హోదాలో నేను పోయాను. హోసూరు నుంచి బెంగుళూరు పోయి రావడమే ఊరు దాటడం అనుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను.

గోమెల్ నుంచి రాజధాని మిన్స్క్‌కు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. కారులో వస్తున్నాం. దారి పొడుగునా చదును నేల, తెల్లటి కాండాల బర్చి చెట్లు, పైన్ అడవులు. రాత్రి ఎనిమిదైనా ఎండ తగ్గలేదు. మిన్స్క్ ఇంకో గంట ఉందనగా 'కర్చ్మా' అన్న బోర్డు చూసి మావాడు కారు ఆపించాడు. కర్చ్మా అంటే పూటకూళ్ళ ఇల్లు, సారాయి అంగడి, బాటసారుల సత్రం మూడూ కలిసిన పాతకాలపు ఏర్పాటు. ఇప్పుడు ఆ దేశంలో సంప్రదాయ భోజనం పెట్టే హోటళ్ళకు ఆ పేరు పెట్టుకుంటున్నారు.

గోడలు గుండ్రటి పైన్ దుంగలవి. దుంగల సందుల్లో చలిగాలి రాకుండా నాచు కూరారు. పైన గడ్డి కప్పు. లోపల బరువైన బల్లలు, మేకులు కొట్టిన పీటలు. గోడలకు కొడవళ్ళు, చాటలు, గుర్రపు జీను, వాటి మధ్య రుచ్నిక్ అనే తెల్లటి నారబట్ట తువాళ్ళు, వాటి అంచులకు ఎర్రదారంతో అల్లిన బొమ్మలు. మూల పెద్ద మట్టిపొయ్యి ఉంది. దాంట్లో నిజంగా వండుతున్నారో, చూడ్డానికి పెట్టారో నాకు తెలియలేదు. మా బెంగుళూరు రోడ్డులో 'పల్లె భోజనం' హోటళ్ళ వాకిట్లో ఎద్దులబండి చక్రం ఆనించి పెడతారే, ఆ తంతు గుర్తుకొచ్చింది. ఎగతాళి చేయడం సులభం. కానీ రొట్టె వచ్చాక ఎగతాళి ఆగిపోయింది.

నల్లటి రై రొట్టె అది. బరువుగా, పుల్లగా, నమిలితే గాని దిగనిది. ఆ దేశపు పల్లెల్లో రొట్టెముక్క కింద పడితే తీసి ముద్దు పెట్టుకునే అలవాటు ఉండేదట. అన్నం మెతుకు తొక్కితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. రొట్టె తరవాత ఖలద్నిక్ వచ్చింది. చల్లటి చారు. బీట్‌రూట్ వేసిన పెరుగుపచ్చడిని మజ్జిగలాగా పలుచన చేసి, దోసకాయ ముక్కలు, సోయికూర, ఉడికిన గుడ్డు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. రంగు మాత్రం పెళ్ళిపందిట్లో చీరెలా ఉంది. దాన్నే బీట్‌రూట్‌కు బదులు ఒక పుల్లటి ఆకుతో కూడా చేస్తారట. ఆ ఆకు తెప్పించుకుని చూశాను. మన చుక్కకూర వంశానిదే.

ఓట్ల పిండిని నీళ్ళలో కలిపి పులియబెట్టి కాచిన జూర్ అనే జావ కూడా తాగాను. కళ్ళు మూసుకుని తాగితే మా అవ్వ కుండలోని రాగి అంబలే. మచాంకా అని ఇంకొకటి ఉంది, పందిమాంసపు చిక్కటి పులుసు, అందులో అట్లు ముంచుకుని తింటారు. మా ఇళ్ళలో పందిమాంసం తినరు కనక నేను దాని జోలికి పోలేదు. మావాడు ఆరేళ్ళలో అన్నిటికీ అలవాటు పడ్డాడు. వాళ్ళ నాయనకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఇక్కడ వాడి పేరు రాయడం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ద్రానికి. పచ్చి ఉర్లగడ్డను తురిమి, ఉల్లిపాయ, ఉప్పు కలిపి పెనం మీద కాల్చిన మందపాటి అట్లు, మీద పులిసిన మీగడ. ఆ మాట వాళ్ళ భాషలో 'చీల్చు, తురుము' అనే ధాతువు నుంచి వచ్చిందట. ఉర్లగడ్డ అన్నందుకు ఆంధ్ర పాఠకులు మన్నించాలి. మేం హోసూరులో అలాగే అంటాం. నేను పాఠం చెప్పిన పుస్తకాల్లో బంగాళాదుంప అని ఉండేది, మా పిల్లలు అది ఇంకేదో దుంప అనుకునేవాళ్ళు. అక్కడా ఇదే గొడవ. రష్యన్‌లో కర్తోష్కా అంటారు, బెలారసియన్‌లో బుల్బా అంటారు. ఆ మాట పట్టుకుని బెలారస్‌వాళ్ళను 'బుల్బాష్'లని, అంటే దుంపగాళ్ళని, పక్కవాళ్ళు వెక్కిరించేవాళ్ళు. ఇప్పుడు అదే పేరుతో వాళ్ళ దేశంలోనే ఒక వోడ్కా అమ్ముతున్నారు. మమ్మల్ని తమిళ దేశంలో 'గొల్టీ' అని వెక్కిరించేవాళ్ళున్నారు. ఆ పేరుతో ఇంకా ఎవరూ వ్యాపారం పెట్టలేదు.

ఇక అసలు విషయం. వంటల పట్టిక బెలారసియన్ భాషలో ఉంది. మావాడికి రష్యన్ వచ్చు, ఆ లిపీ దగ్గరదే, చదివేశాడు. ఒక అక్షరం చూపించాడు. మన కళ్ళకు ఇంగ్లీషు 'వై' అక్షరం నెత్తిన చిన్న మూకుడు పెట్టినట్టు ఉంటుంది. రష్యన్‌లో ఆ అక్షరం లేదు. బెలారసియన్ వాళ్ళకు అదంటే ఎంత అభిమానమంటే, పోలత్స్క్ అనే పాత పట్టణంలో ఆ ఒక్క అక్షరానికి 2003లో స్మారకం నిలబెట్టారు. ఆ పట్టికలో ఆ అక్షరం ప్రతి రెండో వరుసలోనూ ఉంది. వడ్డించే అమ్మాయి ఎర్ర అల్లిక రవికె వేసుకుని, తలకు నారబట్ట చుట్టుకుని ఉంది. మాట్లాడింది మాత్రం రష్యన్.

పట్టికలో ఒక మాట మావాడికి అర్థం కాలేదు. "ఇదేమిటో ఆ పిల్లను అడగమంటావా చిన్నాయనా?" అన్నాడు. అడిగాడు. రై పిండితో, అడవి పండ్లతో కాచే ఒక తీపి జావ అని ఆమె రష్యన్‌లో చెప్పింది. ఈ భాష నీకు వచ్చా అని కూడా అడగమన్నాను. ఆమె నవ్వి, "మా నాయనమ్మ ఊళ్ళో ఇలాగే మాట్లాడుతుంది. నాకు అర్థమవుతుంది, మాట్లాడ్డం రాదు" అందట.

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మా దగ్గర దాని రూపం కొంచెం వేరు. "మాట్లాడతాం సార్, చదవడం రాదు."

ఆ దేశం సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1990లో అక్కడ బెలారసియన్ ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. 1991లో దేశం స్వతంత్రమైంది. 1995లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి రష్యన్‌కు సమాన హోదా ఇచ్చారు. 2019 జనగణనలో దేశ జనాభాలో 54 శాతం మంది మాతృభాష బెలారసియన్ అని రాయించుకున్నారు. ఇంట్లో ఆ భాష మాట్లాడతామన్నవాళ్ళు 26 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్ళ గురించే నా బాధ. వాళ్ళు తమది కాదనడం లేదు, వాడటమూ లేదు. రష్యన్, బెలారసియన్ కలగలిపి మాట్లాడే మాటను అక్కడ 'త్రస్యాంకా' అంటారు. పచ్చగడ్డి చాలనప్పుడు ఎండుగడ్డిలో వరిగడ్డిలాంటిది కలిపి పశువులకు వేస్తారే, ఆ కలగలుపు మేతకు ఆ పేరు. మా హోసూరు తెలుగును హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వినాల్సి వచ్చినప్పుడు ఆయన ముఖంలో నేను చూసింది ఆ మాటే.

ఇదంతా బల్ల దగ్గర చెప్పుకుంటుంటే మావాడు ఒక మాట అన్నాడు. "తినేవాళ్ళు ఉంటేనే గదా వంట బతికేది. ఈ పిల్ల భాష మాట్లాడకపోయినా ద్రానికి తెచ్చి పెడుతోంది. అది చాలదా?" డాక్టరు చదువు చదివినవాడు, ఏది బతికుందో ఏది పోయిందో చూడటం వాడి వృత్తి. నేను వెంటనే జవాబు చెప్పలేదు. వాడి మాటలో బలం ఉంది. ఎవరూ తినని వంట పుస్తకంలో ఉంటే ఏం లాభం? దుంగల ఇల్లు, రవికె, తువాళ్ళు వేషమే అనుకున్నా, ఆ జూర్ వేషం కాదు. పులిసిన పిండి వేషం వేయదు.

కానీ ఆ ఇల్లు దేన్ని గుర్తు పెట్టుకుందో, దేన్ని వదిలేసిందో కూడా చూడాలి. అసలు కర్చ్మాలు ఏమిటి? పోలండ్-లిథువేనియా రాజ్యకాలంలో సారాయి కాచే హక్కు, అమ్మే హక్కు భూస్వాములవి. రైతులు ఆ భూస్వామికి కట్టుబానిసలు. వాళ్ళు పండించిన ధాన్యంతోనే సారాయి కాచి, తిరిగి వాళ్ళకే అమ్మేవాళ్ళు. కొన్నిచోట్ల ఇంతని కొని తీరాలన్న నిర్బంధం కూడా ఉండేది. 1772 నుంచి 1795 దాకా మూడు విడతల్లో ఆ రాజ్యాన్ని పంచుకున్నప్పుడు ఈ నేల రష్యా పాలైంది. బానిసత్వం మాత్రం 1861 దాకా పోలేదు. అంగడి నడిపినవాళ్ళు చాలాచోట్ల యూదులు, భూస్వామి దగ్గర గుత్తకు తీసుకునేవాళ్ళు. గుత్త డబ్బు భూస్వామికి చేరేది, తాగినవాడి తిట్లు యూదుకు చేరేవి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో తెలిసినవాళ్ళకు కర్చ్మా చరిత్ర అర్థం కావడం కష్టం కాదు. ఇంకో వందేళ్ళకు ఎవరైనా 'సారాకొట్టు' అని పేరు పెట్టి, తాటాకు పందిరి వేసి, ప్లాస్టిక్ సంచీలకు బదులు మట్టి పిడతల్లో పోస్తూ వారసత్వ భోజనశాల నడిపితే ఆ ఆడవాళ్ళ మనవరాళ్ళు ఏమంటారు? నవ్వుతారేమో. నవ్వినా తప్పు లేదు. ఎందుకు నవ్వుతున్నారో తెలిసి నవ్వితే.

ఆ యూదు గుత్తేదార్లు ఇప్పుడు లేరు. 1941లో మొదలై 1944 దాకా సాగిన నాజీ ఆక్రమణలో ఆ దేశపు యూదుల్లో అత్యధికులను చంపేశారు. 1920లలో సోవియట్ బెలారస్‌లో బెలారసియన్, రష్యన్, పోలిష్, యిడ్డిష్ నాలుగూ అధికార భాషలుగా ఉండేవి. యూదులు హనుక్కా పండుగకు చేసుకునే లాట్కే దాదాపు ఈ ద్రానికే. అట్టు ఉంది. దాన్ని లాట్కే అని పిలిచిన నోళ్ళు అక్కడ ఇంచుమించు లేవు. ఖతీన్ అనే ఊళ్ళో 1943 మార్చి 22న ఊరివాళ్ళను కర్రల కొట్టంలోకి తోలి నిప్పు పెట్టారు. 149 మంది పోయారు, వాళ్ళలో 75 మంది పిల్లలు. యుద్ధం ఆ దేశంలో కనీసం ప్రతి నలుగురిలో ఒకరిని తీసుకుపోయిందని అంచనా. దుంగల గోడకు ఆనుకుని కూర్చుని ఈ సంగతులు తలుచుకోవడం భోజనానికి మంచిది కాదు, ఒప్పుకుంటాను.

అడవి పుట్టగొడుగులు మేం తెప్పించుకోలేదు. మావాడే వద్దన్నాడు. 1986 ఏప్రిల్ 26 తరవాత ఆ దేశపు నేలలో దాదాపు 23 శాతం మీద రేడియో ధార్మికత పడింది, గోమెల్ వైపు ఎక్కువ. సీజియం సగం తగ్గడానికే 30 ఏళ్ళు. అడవి పుట్టగొడుగులు, బెర్రీ పండ్లు దాన్ని పీల్చుకుంటాయి. హోటళ్ళకు వచ్చేవి పరీక్ష చేసినవేనని వాడికీ తెలుసు, అయినా ఆరేళ్ళు ఆ ఊళ్ళో చదివినవాడి అలవాటు అది.

ఇంకొకటి. ఈ సంప్రదాయ భోజనంలో సంప్రదాయం వయసు ఎంత? ఉర్లగడ్డ అమెరికా ఖండపు దుంప. ఆ దేశానికి 18వ శతాబ్దంలో చేరి 19వ శతాబ్దంలో పేదవాడి తిండిగా స్థిరపడింది. అంతకుముందు రై, ఓట్లు, బార్లీ, టర్నిప్ దుంపలు తిని బతికారు. కరువు వస్తే పిండిలో పొట్టు, చెట్టుబెరడు, మన చక్రవర్తికూర జాతి ఆకులు కలిపి రొట్టె చేసుకున్నారు. మన మిరపకాయ కూడా అదే ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. రాగులు ఎంతో పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చాయంటారు. కనక పాతది కాబట్టి పవిత్రం అనే వాదం నాకు ఒప్పుదల కాదు. బయటినుంచి వచ్చినదాన్ని చేతికి తీసుకుని, ఉన్న పొయ్యి మీద, ఉన్న ఉప్పుతో పదిమంది పిల్లల కడుపు నింపే ఉపాయం ఎవరో కనిపెట్టారు. విలువ ఆ ఉపాయంలో ఉంది.

ఆ ఉపాయం కనిపెట్టినవాళ్ళు ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మన శాస్త్రాల్లో మనిషికి మూడు ఋణాలు చెప్పారు, దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. ఋషిఋణం తీరడానికి యజ్ఞాలు అక్కర్లేదు, అధ్యయనం చేస్తే తీరుతుంది అన్నారు. అంటే జ్ఞానం ఇచ్చినవాడి బాకీ ఆ జ్ఞానాన్ని నేర్చుకోవడంతోనే తీరుతుంది, ఇంకే రకంగానూ తీరదు. ఓట్ల పిండిని ఎన్ని పూటలు పులియబెడితే పిల్లవాడికి అరుగుతుందో కనిపెట్టిన ఆ తల్లిని ఋషుల లెక్కలో వేయడానికి నాకు అభ్యంతరం లేదు. హోటలు బిల్లులో ఆమె వాటా లేదు. ఉండటానికి వీలూ లేదు.

దారిన పోయే నాలాంటివాడి బాకీ చిన్నదే. ఆ వంట ఎవరిదో తెలుసుకోవడం, దాని పేరు వాళ్ళు పిలిచినట్టు పిలవడం, రష్యా భోజనం తిన్నానని ఊళ్ళో చెప్పకుండా ఉండటం. ఇంతకంటే ఎక్కువ నా నుంచి ఎవరూ ఆశించరు. కానీ ఆ వడ్డించిన అమ్మాయి బాకీ? నా బాకీ మా ఇంటి తిండికి? వారసుడికి ఎవరూ బిల్లు ఇవ్వరు. బిల్లు రాలేదు కనక బాకీ లేదని అనుకోవడం వారసులకే సాధ్యమైన సుఖం.

మా అమ్మ మాట ఇక్కడ చెప్పాలి. మా చిన్నతనంలో హోసూరు పల్లెల్లో వరన్నం పండుగకే. మూడు పూటలా సంగటే, ఊరుబిండి నంచుకుని. కాలం వస్తే పితకపప్పు. పిల్లలు వరన్నం తినే రోజు రావాలని ఆమె కోరుకుంది, వచ్చింది. తరవాత బెంగుళూరులో రాగిముద్ద, నాటుకోడి పులుసు పెద్ద హోటళ్ళకెక్కాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మరీ గిరాకీ. దానికి చాలా ముందే ఒకసారి ఆమెను అలాంటి హోటలుకు తీసుకుపోయాం. ధర అడిగి తెలుసుకుని, "డబ్బిచ్చి సంగటి తింటారా!" అని లేచి నిలబడింది. ఆమెకు అది అవమానం అనిపించిందా, హాస్యం అనిపించిందా నేను తేల్చుకోలేకపోయాను. ఇడ్లీ తెప్పించుకుని తిన్నది. పక్క బల్లమీద మా అన్న మనవలు రాగిముద్దను ఫోర్కుతో కోసుకుని ఇష్టంగా తిన్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆకలి తిండిని ఏడుస్తూ తినమని ఎవరు చెబుతారు? కష్టపడ్డ అవ్వలకు పిల్లలు నవ్వుతూ తినడమే కావాలి. నా ఇబ్బంది అది కాదు. వాళ్ళు తిన్నదాని పేరు ఆ హోటలు పట్టికలో కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషులో చదివారు. తెలుగులో రాసి ఉంటే మరొకరు చదివి పెట్టాలి. 2006లో తమిళనాడులో తమిళం అందరికీ తప్పనిసరి చేస్తూ వచ్చిన చట్టం తరవాత మా బడుల్లో తెలుగు ఎలా సన్నగిల్లిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. చట్టాన్ని ఒక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదు. చట్టం రాకముందే మా ఇళ్ళలో చాలామంది ఇంగ్లీషు బడి వెతుక్కున్నారు.

మావాడికి ఆ రాత్రి కారులో జవాబు చెప్పాను. తిండి మిగలడం మంచిదే. కానీ తిండి మనల్ని ఏమీ అడగదు. నేర్చుకోమనదు, రాయమనదు, మరొకరితో తగువు పెట్టుకోమనదు. అందుకే అన్నిటికంటే చివరిదాకా మిగులుతుంది. తిండి మిగిలింది గదా అని మిగతాదంతా మిగిలినట్టు సంబరపడితే మోసపోతాం. వాడు ఊఁ అన్నాడు. ఒప్పుకున్నాడో, నిద్ర వచ్చిందో తెలియదు.

తరవాత ఆ దేశంలో జరిగినవి వాడి అనుమానాన్ని కాదు, నా భయాన్నే బలపరిచాయి. 2020 ఆగస్టు ఎన్నికల తరవాత పెద్ద ఎత్తున నిరసనలు, అరెస్టులు. 1517లో ప్రాగ్‌లో కీర్తనల గ్రంథాన్ని అచ్చువేసిన ఫ్రాన్సిస్క్ స్కరీనా అక్కడి భాషకు ఆదిపురుషుడి లాంటివాడు. ఆయన పేరుతో 1989లో మొదలైన బెలారసియన్ భాషా సంఘాన్ని 2021లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. కర్చ్మాలను ఎవరూ రద్దు చేయలేదు. ద్రానికి మీద ఏ ప్రభుత్వానికీ కోపం రాదు.

ఆ దేశపు పల్లెజనాన్ని 'మీరెవరు' అని అధికారులు అడిగితే చాలాకాలం వాళ్ళు చెప్పిన జవాబు 'తుతేయ్షియా', అంటే ఇక్కడివాళ్ళం. 1931లో పోలండ్ జనగణనలో ఒక్క పలేస్యే ప్రాంతంలోనే ఏడు లక్షల మందికి పైగా భాష గడిలో 'ఇక్కడిది' అని రాయించుకున్నారు. కవి యాంకా కుపాలా 1922లో ఆ పేరుతోనే ఒక నాటకం రాశాడు. సోవియట్ కాలంలో దశాబ్దాల పాటు దాన్ని రంగస్థలం మీదికి రానివ్వలేదు. ఆ జవాబును వెనకబాటుతనమని చరిత్రకారులు రాశారు. నాకు అలా అనిపించదు. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మేం ఇటు ఉండిపోయాం. చెన్నైలో మీది ఆంధ్రానా అంటారు, హైదరాబాదులో మీరు తమిళులా అంటారు. ఇక్కడివాళ్ళమే అని తప్ప మేం మాత్రం ఏం చెబుతాం? అయితే ఆ 'ఇక్కడ'కు ఒక మాట ఉండాలి. మాట పోయాక 'ఇక్కడివాళ్ళం' అన్నది కూడా ఇంకొకరి భాషలో చెప్పాల్సి వస్తుంది.

బెలారస్ నుంచి వచ్చాక ఒక పని పెట్టుకున్నాను. దీనితో ఏ బాకీ తీరుతుందనీ అనుకోవడం లేదు. మా వీధిలో పెద్దవయసు ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వంటింటి మాటలు ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. పొయ్యి భాగాలు, కుండల కొలతలు, పిండి పులిసే దశలు, అడుగంటిన వాసనకు ఒక మాట, సరిగ్గా ఉడికిన వాసనకు ఇంకొక మాట. మధ్యలో తమిళం, కన్నడం వస్తాయి, వాటినీ రాస్తున్నాను, ఏరిపారేయడం లేదు. సంగటి కెలికే కర్రను మా ఇంట్లో తెడ్డు అంటాం. మూడిళ్ళ అవతల ఉండే ఆవిడ అది తెడ్డు కాదు సంగటికట్టె అంటుంది, తెడ్డు అంటే చెక్క గరిటె అని వాదిస్తుంది. రెండూ రాసుకున్నాను. తన మాట ముందు రాయలేదని ఆవిడ ఆ పేజీ మళ్ళీ రాయించింది.